మల్లెపూల ఐస్‌క్రీమ్ చేదు రాకుండా చేయాలంటే పూలను పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళకండి

మీ అమ్మగారి పుట్టినరోజుకి మల్లెపూల ఐస్‌క్రీమ్ చేయాలని రెండుసార్లు ప్రయత్నించానన్నారు. రెండుసార్లూ పాలల్లో పూలు వేసి మరిగిస్తే వాసన పోయి చేదు మిగిలిందన్నారు. ఎసెన్స్ చుక్క కూడా వేయకుండా అసలు మల్లె వాసన ఇంట్లో వస్తుందా అని అడిగారు.

వస్తుంది. మాది విజయవాడ. నాలుగేళ్ళుగా ప్రతి ఎండాకాలం మా ఇంట్లో ఇది చేస్తున్నాను. మొదటిసారి నేను చేసిన పొరపాటు కూడా మీరు చేసినదే. పాలు మరుగుతుంటే ఇల్లంతా మల్లె ఘుమఘుమలే. మా పిల్లలు వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. చల్లారాక రుచి చూస్తే ఉడికిన తోటకూర నీళ్ళలా ఉంది. ఆ రోజు నాకు అర్థం కాలేదు గానీ, ఇంటినిండా వాసన వచ్చిందంటే అదంతా పాలలోంచి బయటికి పోయిందనే కదా.

మల్లె వాసన ఒక్క పదార్థం కాదు. అందులో బెంజైల్ ఎసిటేట్, లినలూల్, ఇండోల్ లాంటివి చాలా కలిసి ఉంటాయి. వీటిలో మనకు హాయిగా అనిపించేవి చాలావరకు ఇట్టే ఆవిరైపోతాయి. వేడి తగిలితే ముందు పోయేవి అవే. ఇక చేదు ఎక్కడిదంటే, పువ్వు కింద ఉండే పచ్చని తొడిమది. రేకులకు అంత చేదు ఉండదు. తొడిమతో సహా మరిగిస్తే ఆకుల పసరంతా పాలలోకి దిగుతుంది.

దారి చూపింది మా అమ్మమ్మ కూజా. ఎండాకాలం సాయంత్రం నీళ్ళకూజాలో నాలుగు మల్లెమొగ్గలు వేసి మూత పెట్టేది. రాత్రి భోజనాల వేళకి నీళ్ళు చల్లగా, వాసనగా ఉండేవి. ఆవిడ ఎప్పుడూ వాటిని వేడి చేయలేదు కదా అని తట్టింది. పైగా ఈ వాసన నీళ్ళకంటే కొవ్వులో బాగా కలుస్తుంది. అత్తరుకి పేరున్న ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వైపు నువ్వుల మధ్య పూలు పొరలు పొరలుగా పేర్చి, ఆ నువ్వులను గానుగ ఆడి చమేలీ నూనె తీసే పద్ధతి ఉంది. చైనాలో ఫుజౌ అనే ఊరి మల్లె టీ కూడా ఇలాంటిదే. మన మల్లెజాతి పూలనే రాత్రిపూట టీ ఆకుతో కలిపి ఉంచి, పొద్దున ఏరేసి, మళ్ళీ తాజా పూలు వేస్తారు. ఈ రెండిట్లోనూ పువ్వును ఉడికించరు. దాని పక్కన ఇంకోటి పెట్టి, వాసన అందులోకి ఎక్కేదాకా ఆగుతారు. మనకి ఆ ఇంకోటి చల్లని క్రీమ్.

ఇప్పుడు పూల సంగతి. దీన్నే ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సగం పని ఇక్కడే ఉంది.

బజార్లో మూరల లెక్కన అమ్మే పూలు దీనికి వద్దు. అవి జడలో పెట్టుకోవడానికీ దేవుడికీ పెంచినవి, తినడానికి కాదు. తోటలో మొగ్గ తొలిచే పురుగు కోసం మందు కొడతారు. ఎప్పుడు కొట్టారో మనకి తెలియదు, కడిగితే పోతుందన్న నమ్మకమూ లేదు. నేను కడియం నర్సరీ నుంచి రెండు బొండుమల్లె మొక్కలు తెచ్చి డాబా మీద కుండీల్లో పెట్టాను. నర్సరీలోనూ మందులు వాడతారు కాబట్టి మొదటి ఏడాది పూలన్నీ దేవుడి పటాలకే పెట్టి, రెండో వేసవి నుంచి వంటకి వాడాను. అప్పటిదాకా మా పిన్ని వాళ్ళ పెరట్లో పూలు తెచ్చుకున్నాం. మీకు మొక్క లేకపోతే, మందు కొట్టకుండా పెంచుకునేవాళ్ళు బంధువుల్లోనో ఇరుగుపొరుగునో ఉన్నారేమో అడగండి. రెండు గుప్పెళ్ళ మొగ్గలు అడిగితే ఎవరూ కాదనరు.

ఇంకో మాట, వాసన బాగుంది కదా అని ఏ తెల్లపువ్వు పడితే అది వేయకండి. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషం. నైట్‌క్వీన్ అని రాత్రి గుప్పుమనే పువ్వూ తినకూడదు. నందివర్ధనం చూడటానికి మల్లెలా ఉన్నా దాన్ని కూడా వంటలోకి తేకండి.

మొగ్గలు సాయంత్రం అయిదు, ఆరు గంటలకి కోయాలి. తెల్లగా నిండుగా ఉబ్బి, ఇంకో రెండు మూడు గంటల్లో విచ్చుకుంటుందనిపించే మొగ్గ కావాలి. లేత ఆకుపచ్చ రంగు ఉన్నవి రాత్రికి విచ్చుకోవు. మల్లె కోశాక కూడా విచ్చుకుంటూ వాసన ఇస్తూనే ఉంటుంది. అందుకే ఈ పనికి ఇంత బాగా కుదురుతుంది. వాటిని ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసి, పొడి నూలుగుడ్డ మీద పల్చగా పరిచి ఫ్యాన్ కింద వదిలేయండి. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యేసరికి విచ్చుకుంటాయి. గది ఘుమ్మంటుంది. అప్పుడు ఒక్కో పువ్వుని పట్టుకుని రేకుల భాగాన్ని మెల్లగా లాగితే పచ్చ తొడిమ నుంచి ఊడి వస్తుంది. తొడిమలు పడేయండి. మొదటి రాత్రికి కావాల్సిన నలభై పూలకి పావుగంట పడుతుంది. నేను, మా అత్తయ్యగారు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని చేస్తాం.

క్రీమ్ 200 మి.లీ. ప్యాకెట్ చాలు, బజార్లో దొరికే 25 శాతం కొవ్వుది. కేకుల మీద గిలక్కొట్టే, పాలతో సంబంధం లేని వెజిటబుల్ క్రీమ్ వద్దు. దానికి దాని వాసన, దాని తీపి ఉంటాయి, మల్లె అందులో కనపడదు. చల్లటి క్రీమ్‌ని స్టీలు డబ్బాలో పోసి, రేకులు అందులో మునిగేలా కలిపి, మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. మూత విషయంలో అశ్రద్ధ వద్దు. క్రీమ్ మల్లె వాసన ఎలా పీల్చుకుంటుందో, పక్కనున్న ఉల్లిపాయ వాసన, సాంబారులో ఇంగువ వాసన కూడా అలాగే పీల్చుకుంటుంది.

ఎనిమిది నుంచి పది గంటలు. అంతకంటే ఉంచకండి. రెండో ఏడాది ఇంకా ఎక్కువ వాసన వస్తుందని ఒక పగలూ ఒక రాత్రీ ఉంచేశాను. రాత్రి జడలో పెట్టుకున్న దండ మర్నాడు పొద్దున తీసినప్పుడు ఒక బరువైన వాసన వస్తుంది చూడండి, సరిగ్గా అదే వచ్చింది. ఇండోల్ కొంచెం ఉంటేనే మల్లె మల్లెలా ఉంటుంది, ఎక్కువైతే ముక్కుకి ఇబ్బంది. మొత్తం క్రీమ్ పారబోయాల్సి వచ్చింది. చాలా బాధేసింది.

పొద్దున పల్చని గుడ్డలో వడకట్టి, రేకుల్ని పిండకుండా వదిలేయండి. పిండితే పసరు దిగుతుంది. ఒక్క రాత్రికే కొంత వాసన వస్తుంది గానీ ఐస్‌క్రీమ్‌కి అది చాలదు. చల్లటి పదార్థం నోట్లో పెట్టుకున్నప్పుడు తీపీ వాసనా రెండూ తగ్గి తెలుస్తాయి. కాబట్టి ఫుజౌ వాళ్ళలాగే, రెండో రాత్రి అదే క్రీమ్‌లో మరో ముప్ఫై తాజా పూలు వేయండి. గడ్డకట్టకముందు చెంచాడు రుచి చూస్తే 'అబ్బ, కొంచెం ఎక్కువైందే' అనిపించాలి. అప్పుడే గడ్డకట్టాక సరిపోతుంది.

పాల సంగతి తేలికే. అరలీటరు ఫుల్‌క్రీమ్ పాలు, అంటే 6 శాతం కొవ్వు ఉండేవి, సన్నసెగ మీద 400 మి.లీ. అయ్యేదాకా మరిగించండి. 120 గ్రాముల పంచదార, మూడు పెద్ద చెంచాల పాలపొడి, చిటికెడు ఉప్పు కలపండి. ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి పోసి, చెంచా వెనక పూతలా అంటుకునేదాకా తిప్పి దించేయండి. పంచదార ఎక్కువనిపించి తగ్గించకండి. అది తీపి కోసమే కాదు, గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించి ఐస్‌క్రీమ్‌ని మెత్తగా ఉంచేది కూడా అదే. తగ్గిస్తే రాయిలా అవుతుంది. మన దేశంలో మామూలు ఐస్‌క్రీమ్ అని అమ్మాలంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. ఈ కొలతలతో మనది దాన్ని దాటుతుందని లెక్కవేసి చూసుకున్నాను.

ఈ పాలు పూర్తిగా చల్లారి, ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉన్నాకే మల్లె క్రీమ్ కలపాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపినా రెండు రాత్రుల కష్టం వృథా. ఏలకులు, వెనిలా ఏవీ వద్దు. ఏలకుల పొడి లేకపోతే మన చేతికి ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది, నాకూ అలాగే ఉండేది. కానీ ఒక్క ఏలక్కాయ చాలు మల్లెని మింగేయడానికి.

గడ్డకట్టించడానికి మిషన్ అక్కర్లేదు. వెడల్పాటి డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి, అంచులు గట్టిపడ్డాక తీసి మిక్సీలో అర నిమిషం తిప్పి మళ్ళీ పెట్టండి. గంట గంటకీ ఇలా మూడుసార్లు చేస్తే మంచుపలుకులు పెద్దవి కాకుండా ఉంటాయి. మిక్సీ ఎక్కువసేపు తిప్పకండి, వేడెక్కుతుంది, వెన్న కూడా తేలుతుంది. మా మామయ్యగారి దగ్గర పాత చేతి గిలక బకెట్ ఉంది, చుట్టూ మూడు వంతుల ఐసుకి ఒక వంతు రాళ్ళ ఉప్పు వేసి తిప్పేది. ఉప్పు కలిసిన ఐసు సున్నాకి చాలా కిందికి చల్లబడుతుంది కాబట్టి అరగంటలో పని అవుతుంది, మిక్సీలో తిప్పినదానికంటే నున్నగా వస్తుంది. పిల్లలుంటే తిప్పే పని వాళ్ళకే వదిలేయండి.

వేరే పూల గురించి కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. గులాబీకి ఈ చల్లని పద్ధతికంటే గుల్కంద్ మేలు. నాటు గులాబీ రేకులు, పంచదార పొరలుగా వేసి సీసాలో ఎండకి పెట్టినది చివర్లో కలిపితే చాలు. పొడుగు కాడల షాపు గులాబీలకి చాలావాటికి వాసనే ఉండదు. మొగలి వాసన కావాలంటే ఒడిశాలోని గంజాం వైపు నుంచి వచ్చే కేవడా నీళ్ళు, అంటే మొగలిపూల నీళ్ళు, రెండు మూడు చుక్కలకి మించి వేయకండి. శంఖుపుష్పం నీలం రంగు ఇస్తుంది తప్ప వాసన ఇవ్వదు.

పుట్టినరోజు ఆదివారం అనుకుంటే, గురువారం సాయంత్రం మొదటి పూలు కోయండి. శుక్రవారం పొద్దున వడకట్టి, ఆ సాయంత్రం పాలు కాచి చల్లార్చి, రాత్రికి రెండో విడత పూలు వేయండి. శనివారం పొద్దున వడకట్టి రెండూ కలిపి ఫ్రీజర్‌లో పెడితే మధ్యాహ్నానికి తిప్పే పని అయిపోతుంది. ఆదివారం వడ్డించడానికి పది నిమిషాల ముందు బయటికి తీసి ఉంచండి. కొంచెం కరిగితేనే వాసన లేస్తుంది. మిగిలితే వారంలోపు తినేయండి, ఆ తర్వాత మల్లె వాసన సన్నగిల్లి వట్టి పాల ఐస్‌క్రీమ్ మిగులుతుంది. మొదటి గిన్నె అమ్మగారికి ఇచ్చేటప్పుడు అది ఏ ఐస్‌క్రీమో ముందే చెప్పకండి, ఆవిడనే చెప్పనివ్వండి.