టెక్ సందేహాలు: లవం సరే, హారం ఏదీ?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే ఉద్యోగం చుట్టూ తిరిగాయి. ప్రజారోగ్య కార్యక్రమాల్లో మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్, ఆ రంగంలోవాళ్ల మాటల్లో ‘ఎం అండ్ ఈ’. మందులు పంచామంటున్నారు, నిజంగా అందాయా, అందితే ఎంతమందికి? ఈ లెక్క తేల్చే పని అది. మిగతా సందేహాలను వచ్చే వారానికి పెట్టి, ఈసారి వీటినే చూద్దాం.

ప్రశ్న: మాది విజయనగరం. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదివి, రెండేళ్లు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా చేశాను. బోదకాలు మందుల పంపిణీ కార్యక్రమానికి ఎం అండ్ ఈ ఆఫీసర్ కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ ప్రకటన ఇచ్చింది. కోబో, డీహెచ్ఐఎస్2, పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్‌లు వచ్చి ఉండాలట. నాకొచ్చింది ఎక్సెల్ ఒక్కటే. మూడు వారాలే గడువు. ల్యాప్‌టాప్ చూస్తే 4 జీబీ ర్యామ్‌ది. దేంతో మొదలుపెట్టాలి?

కోబోతో మొదలుపెట్టండి. ఫోన్లో సర్వే చేసే ఫారాలు తయారుచేసుకునే సాధనం అది. ఉచిత ఖాతా మీ సాధనకు సరిపోతుంది, ఫారం తయారీ అంతా బ్రౌజర్లోనే కాబట్టి 4 జీబీ ర్యామ్ అడ్డు కాదు. రెండు సాయంత్రాలు కూర్చుంటే చేతికొస్తుంది.

పాఠాలు చూస్తూ కూర్చోవద్దు, మీకు తెలిసిన పనికే ఒక ఫారం కట్టండి. ఇంటి నంబరు, వయసు, ఆడా మగా, మాత్రలు ఇచ్చారా, ఎదురుగా మింగారా, మింగకపోతే ఎందుకు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవాళ్లకు ఈ మందులు ఇవ్వరన్నది మీకు తెలిసిందే. కాబట్టి వయసు దగ్గర 1 అని కొట్టగానే ‘మింగారా’ అన్న ప్రశ్న మాయం కావాలి. మగ అని నొక్కినవాళ్లను గర్భం గురించి అడగకూడదు. వయసు 250 అని వేస్తే ఫారం ఒప్పుకోకూడదు. మొదటి రెండూ స్కిప్ లాజిక్ పని, మూడోది వాలిడేషన్ పని. ప్రశ్నలు తెలుగులోనూ పెట్టండి, ఊళ్లో వాటిని చదివి వినిపించాల్సింది సర్వేకు వెళ్లిన అమ్మాయే. తర్వాత ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో ఉంచి ఓ పది ఫారాలు నింపి, నెట్ రాగానే అవి సర్వర్‌కు చేరాయో లేదో చూసుకోండి. సిగ్నల్ లేని ఏజెన్సీ ఊళ్లలో పని ఎలా చేస్తారని ఇంటర్వ్యూలో అడిగితే మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది.

డీహెచ్ఐఎస్2 అంటే ఆరోగ్య కేంద్రాల లెక్కలను ఒకచోట చేర్చి చూపే సాఫ్ట్‌వేర్, ఓస్లో విశ్వవిద్యాలయం తయారుచేసింది. దాని డెమో సైటు అందరికీ తెరిచే ఉంటుంది, సియెర్రా లియోన్ పేరుతో నమూనా డేటా కూడా పెట్టారు. అందులో ఒక పట్టిక, ఒక మ్యాపు చేసి చూడండి, ప్రస్తుతానికి అది చాలు. డేటాను గ్రాఫులుగా చూపే పవర్ బీఐ మీ ల్యాప్‌టాప్ మీద తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. దాన్ని పక్కనపెట్టి ఎక్సెల్లో పైవట్ టేబుల్‌ని, అంటే వరుసలను గుంపులుగా కూడి చూపే పట్టికను, గట్టిగా పట్టుకోండి. అబద్ధం చెప్పి రాయకండి, ‘పవర్ బీఐ నేర్చుకుంటున్నాను’ అని రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

ఇదంతా పైపై సంగతి. ఇంటర్వ్యూ తేలేది ఇంకోచోట.

ఒక ఊరు అనుకుందాం. జనాభా 1,240. పిల్లల్ని, గర్భిణుల్ని, జబ్బుపడినవాళ్లని తీసేస్తే మందు వేయాల్సినవాళ్లు 1,100 మంది. రిజిస్టర్ ప్రకారం 1,050 మందికి పంచారు. సర్వేలో అడిగితే నిజంగా మింగినవాళ్లు 740 మందే. మిగతావాళ్లు ‘ఇంకా అన్నం తినలేదమ్మా, తర్వాత వేసుకుంటాలే’ అని తీసుకుని గూట్లో పెట్టేసినవాళ్లు. ఇప్పుడు కవరేజీ ఎంత? పంచినదాన్ని 1,100తో భాగిస్తే 95 శాతం. మింగినవాళ్లను అదే 1,100తో భాగిస్తే 67. మొత్తం 1,240తో భాగిస్తే 60కి కాస్త తక్కువ. ఊరు ఒకటే, అంకెలు మూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందుల పంపిణీకి పెట్టిన హద్దు మొత్తం జనాభాలో 65 శాతం. అంటే రిజిస్టర్‌లో ఘనంగా గెలిచిన ఊరు అసలు లెక్కలో తప్పింది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తనంతట తాను చెప్పదు. ఐదో తరగతిలో నేర్చుకున్న లవం, హారమే ఇక్కడ ఉద్యోగం. అంకె ఎవరు చూపించినా ‘కింద ఏముంది?’ అని అడిగే అలవాటున్న మనిషి కోసమే వాళ్లు వెతుకుతున్నారు.

నన్నడిగితే ఈ ఊరి లెక్కనే ఒక ఎక్సెల్ షీటుగా చేసి, కోబో ఫారం లింకుతో కలిపి దరఖాస్తుకు జతచేయండి. రెజ్యూమెలో ‘ఎంఎస్ ఆఫీస్ ప్రావీణ్యం’ అన్న లైను కొట్టేసి, రెండేళ్లలో మీరు పట్టుకున్న తప్పు ఒకటి రాయండి. ఫలానా మండలం నుంచి 112 శాతం కవరేజీ వచ్చిందనుకోండి, ఎందుకొచ్చింది, మీరేం చేశారు? ఇలాంటిది ఎదురుకాని ఫీల్డ్ సూపర్‌వైజర్ ఉండరు.

మరోమాట. ఈ పని కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1995లో పల్స్ పోలియో మొదలైంది. చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలి మీద మార్కర్‌తో గీత పెట్టడం, పిల్లలు మిగిలిపోయిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు వేయడం మనం చూసిందే. పర్యవేక్షకులు వెళ్లి వేళ్లు చూసేవారు, గోడలు చూసేవారు. డ్యాష్‌బోర్డు అదే. మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది.

ప్రశ్న: ఇలాంటి ఉద్యోగానికే హైదరాబాద్‌లో రాత పరీక్ష రాశాను. ఒక సీఎస్‌వీ ఫైలు (గడులను కామాలతో విడదీసిన పట్టిక) ఇచ్చి శుభ్రం చేయమన్నారు. తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులు, 14 అంకెల ఐడీలు 9.1ఈ+13 అని వచ్చాయి. సేవ్ చేసి ఇచ్చేశాను. పిలుపు రాలేదు.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేశారు కదా! చాలామంది చేసే పనే. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ ఎంచుకుంటే తెలుగు తెలుగులా కనిపిస్తుంది. అక్కడే ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’లోకి వెళ్లి ఐడీ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ఐడీలు కుదించుకుపోతాయి, సున్నాతో మొదలయ్యే గ్రామ కోడ్‌లలో ఆ సున్నా ఎగిరిపోతుంది. ఆ అవతారంలోనే సీఎస్‌వీగా సేవ్ చేస్తే అసలు అంకెలు ఆ ఫైల్లోకి తిరిగి రావు. మీకు జరిగింది బహుశా అదే.

ఇచ్చిన ఫైలును ముట్టుకోవద్దు, కాపీ మీద పనిచేయండి. ఊరి పేరు చివర ఒక స్పేస్ మిగిలిపోతే పైవట్‌లో అదే ఊరు రెండుసార్లు వస్తుంది, ట్రిమ్ ఫార్ములా వాడండి. పేరు కలిసిందని వరుసలు తీసేయకండి, మన ఊళ్లలో ఒకే వీధిలో ముగ్గురు లక్ష్ములు ఉంటారు. అనుమానమున్న వరుసలకు రంగు వేసి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో వేరే షీట్లో రాసి పెట్టండి. దిద్దేవాళ్లు ముందు ఆ షీటే తెరుస్తారు.

ఎక్సెల్ పెద్దపెద్దవాళ్లనే ముంచింది. 2020 శరత్కాలంలో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. కారణం పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్. అందులో 65,536 వరుసలే పడతాయి, ఆపైన వచ్చినవి జారిపోయాయి. వాళ్లను తలుచుకుని కొంచెం ఊరట పొందండి.

ప్రశ్న: పాత ఉద్యోగంలో నేను సేకరించిన క్షయ రోగుల డేటా నా దగ్గరే ఉంది. పేర్లు తీసేసి పోర్ట్‌ఫోలియోలో చూపించవచ్చా?

వద్దు. అది మీ దగ్గర ఉండటమే తప్పు, ఇవాళే పాత సంస్థకు చెప్పి తుడిచేయండి. పేరు తీసేసినా ఊరు, వయసు, వృత్తి ఉంటే చాలు, చిన్న పల్లెలో ‘54 ఏళ్ల దర్జీ’ అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని సంగతి అటుంచినా, మిమ్మల్ని తీసుకుంటే రేపు మా డేటా కూడా ఇలాగే పట్టుకెళ్తారని అవతలివాళ్లు అనుకుంటారు. కల్పిత అంకెలతో 200 వరుసలు తయారుచేసుకోండి, అవి కల్పితమని పైన రాయండి.

ప్రశ్న: రంగుల టెంప్లేట్‌లో రెండు కాలమ్‌ల రెజ్యూమె చేసుకున్నాను. ఉద్యోగాల పోర్టల్‌లో ఎక్కిస్తే ఫోన్ నంబరు గడిలో నా డిగ్రీ వచ్చి కూర్చుంటోంది.

ఒకే కాలమ్, మామూలు వర్డ్ ఫైలు. పట్టికలు, ఐకాన్‌లు, నైపుణ్యాన్ని శాతాల్లో చూపే గీతలు తీసేయండి. తెలుగు నివేదిక ఏదైనా జతచేస్తే యూనికోడ్‌లోనే ఉండాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ చూడటానికి బాగుంటుంది గానీ, అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, గజిబిజి అక్షరాలు వస్తాయి. పోర్టల్‌కు కనిపించేది కూడా ఆ గజిబిజే.

ప్రశ్న: ‘డబ్ల్యూహెచ్‌ఓ ప్రాజెక్టులో ఎం అండ్ ఈ అసిస్టెంట్‌గా ఎంపికయ్యారు, ట్రైనింగ్ కిట్‌కు 4,500 కట్టండి’ అని వాట్సాప్‌లో లోగోతో సహా లెటర్ వచ్చింది. నిజమేనా?

మోసం. నియామకంలో ఏ దశలోనూ డబ్బు వసూలు చేయబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థే స్పష్టంగా చెబుతోంది. లోగో ఎవరైనా అతికించవచ్చు. ప్రకటన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి, మెయిల్ కూడా వచ్చి ఉంటే ఆ చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.