గిల్లతీగను కాగితం మీదికి ఎక్కించేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

గిల్లతీగ మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. భాష హాయిగా సాగింది. కానీ చివరిదాకా వచ్చినా ఆ తీగ ఎలా ఉంటుందో నాకు తెలియలేదు. మహాసర్పం అన్నావు, ఆకాశానికి నిచ్చెన అన్నావు. ఈ మాటలు అడవిలో ఏ తీగకైనా సరిపోతాయి. నీ పేరా చదివి అడవిలోకి వెళ్లినవాడు ఈ తీగను పక్క తీగ నుంచి వేరుచేసి చూపించగలగాలి. మొక్క వర్ణన నుంచి నేను ఆశించేది అంతే.

చెట్టును వర్ణించడం దీనికంటే సులువు. లియానాలు, అంటే చేవదేరి మాను కట్టే అడవి తీగలు, నేలలో వేరూని వెలుగు కోసం చెట్ల తలల దాకా పాకుతాయి. కింద నిలబడ్డ నీకు కనిపించేది కాండం. ఆకులూ పువ్వులూ ఎక్కడో పైన. ఈ రెంటి మధ్య ఖాళీని మనసు ఊహతో నింపేస్తుంది. నీ వ్యాసంలో జరిగింది అదేనని నా అనుమానం. హృదయాకారపు ఒంటి ఆకు అని రాశావు. ఆ ఆకు పక్కన అల్లుకున్న వేరే తీగది అయ్యుండాలి. గిల్లతీగది చిక్కుడు కుటుంబం. దానిది రెండుసార్లు చీలిన సంయుక్త పత్రం, అంటే ఒకే ఆకు పత్రకాలనే చిన్న ఆకులుగా విడిపోయి ఉంటుంది: ఒకటి రెండు జతల ఉపశాఖలు, ఒక్కోదానికి సుమారు మూడు నుంచి ఐదు జతల పత్రకాలు. ఆకు కొసన రెండుగా చీలిన నులితీగ ఉంటుంది, దానితోనే ఆధారాన్ని పట్టుకుంటుంది.

ఎక్కే తీరు గురించి నువ్వు ఒక్క వాక్యమూ రాయలేదు. తీగ విషయంలో నేను ముందుగా వెతికేది దాన్నే. కాండమే చుట్టుకుంటుందా, కొక్కెపు ముళ్లతో తగులుకుంటుందా, వేళ్లతో అంటుకుంటుందా, నులితీగలతో పట్టుకుంటుందా? చుట్టుకునే తీగ అయితే ఎటు తిరిగిందో, ఎటు నుంచి చూశావో రెండూ రాయాలి. బయట నిలబడి చూస్తే కుడి అయ్యేది, తీగ మధ్యలో ఉన్నట్టు ఊహించుకుంటే ఎడమ అవుతుంది. పాత గ్రంథాల్లో ఈ గందరగోళం బోలెడుంది.

కాయను మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు, అది నాకు నచ్చలేదు. కంకుల్లో పూసే చిన్న లేతపసుపు పువ్వుల నుంచి మీటరు దాటి, ఒక్కోసారి రెండు మీటర్ల దాకా పెరిగే కాయ వస్తుందంటే పాఠకుడు ఆగి చూడడా? చదునుగా, చెక్కలా గట్టిగా ఉండి గదులు గదులుగా విభజించి ఉంటుంది. గదికో గింజ. పండాక పైపొర ఊడిపోతుంది, గదులు విడివిడిగా రాలతాయి, అంచుల నారలు మాత్రం ఖాళీ ఫ్రేములా కొమ్మకు వేలాడతాయి. నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున్న ఆ గోధుమరంగు గింజ లోపల గాలి ఉంటుంది కాబట్టి నీళ్ల మీద తేలుతుంది. ఏరుల మీదుగా సముద్రంలో కలిసి, ఎక్కడెక్కడి ఒడ్డులకో కొట్టుకుపోతుంది. పెంకు ఎంత గట్టిదంటే, ఎక్కడైనా గీరుకుపోతే గాని నీళ్లు లోపలికి దిగవు. ఈ తీగ జాతి ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోనూ కనిపిస్తుందంటే ఆ గింజ ప్రయాణాన్ని తలుచుకోకుండా ఉండలేం. అలంకారాలు తీసేస్తే వ్యాసం చప్పబడిపోతుందని టెన్షన్ పడకు.

ఔషధ గుణాల జాబితా మొత్తం కొట్టెయ్యి. నువ్వు చూసింది కాదు, పరీక్షించింది అంతకన్నా కాదు.

శాస్త్ర పరిభాషకు భయపడొద్దు, అలాగని దాని వెనక దాక్కోవద్దు. కొత్త మొక్కకు పేరు పెట్టాలంటే 1935 నుంచి 2011 చివరిదాకా లాటిన్‌లో వర్ణన తప్పనిసరి. 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతోంది. కొలతలు స్పష్టంగా ఉంటే తెలుగు పాఠకుడికి తెలుగు చాలు.

హెర్బేరియం షీట్, అంటే మొక్కను ఎండబెట్టి అతికించి దాచిన కాగితం, చూసే అవకాశం దొరికితే తప్పకుండా చూడు, కానీ దాన్నే నమ్ముకోకు. ఆకూ పువ్వూ అందులో ఒదుగుతాయి. కాండం లావు, బెరడు తీరు, తాజా రంగు అందులోకి రావు. వాటికి నీ నోట్‌బుక్కే దిక్కు. కాండాన్ని వేరు దగ్గర మొదలుపెట్టి, దాని వంపుల వెంబడే 1.3 మీటర్లు వెళ్లి అక్కడ కొలువు. చదునుగా ఉంటే వెడల్పు వైపూ సన్న వైపూ రెండు కొలతలూ రాయి. పై ఆకు కోసం బైనాక్యులర్స్ పట్టుకెళ్లు, దొరక్కపోతే ఆకు చూడలేదని రాసెయ్యి. తిరగరాసింది నెలాఖరులోగా పంపిస్తే చూస్తాను.