పార్కిన్సన్స్ ఉన్న నాన్నగారికి అమెరికాలో నిద్రమాత్రలు కొనవచ్చా?

"నాన్నగారికి పార్కిన్సన్స్. వచ్చే నెల ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఇక్కడ నిద్రమాత్రలు డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతాయి కదా, కొని పెట్టమంటారా?" అని అడిగారు. దొరుకుతాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మా నాన్నగారికీ పార్కిన్సన్సే. ఆయన డాలస్ వచ్చిన నాలుగో రోజు నేనూ అదే పని చేశాను. ఆయన పగలంతా సోఫాలో కునుకు తీసి, రాత్రి రెండింటికి హాల్లో దీపం వేసుకుని కూర్చునేవారు. షాపుకు వెళ్లి నీలం రంగు మాత్రల సీసా తెచ్చి, ఒకటి వేశాను. అర్ధరాత్రి దాటాక వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. ఫ్రిజ్ తలుపు పట్టుకుని, "గేదె తాడు తెంపుకుందిరా, పలుపు అందుకో" అంటున్నారు. మేం గేదెలను అమ్మేసి ముప్పై ఏళ్లయింది. తెల్లవారే దాకా ఆయన చెయ్యి వదలకుండా కూర్చున్నాను.

మర్నాడు మందుల జాబితా పట్టుకుని ఫార్మసీకి వెళితే, అక్కడి ఫార్మసిస్టు మొదటి వరుస మీదే వేలు పెట్టింది. ఆ నీలం మాత్రలో ఉన్నది డైఫెన్‌హైడ్రమిన్ అనే పాత అలర్జీ మందు. జ్ఞాపకానికీ తెలివిడికీ అవసరమైన, మెదడులో ఉండే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అది అడ్డుకుంటుంది. పెద్దవాళ్లలో అయోమయం, లేనివి కనిపించడం, మూత్రం రాకుండా నిలిచిపోవడం, మలబద్ధకం రావచ్చు. వణుకు తగ్గడానికి మన దగ్గర ఇచ్చే ప్యాసిటేన్ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. ఆయన అప్పటికే అది వాడుతున్నారు, నేను దాని మీద ఇంకొకటి వేశాను. పేరు చివర 'పీఎం' అని ఉండే నొప్పి మాత్రలు, రాత్రి వేసుకునే జలుబు మందులు చాలావాటిలో ఇలాంటి మందే ఉంటుంది. సీసా వెనక చిన్న అక్షరాలు చదవకుండా కొనకండి.

ముందు నిద్ర ఎందుకు పట్టడం లేదో మీ నాన్నగారినే అడగండి. "పక్కకు ఒత్తిగిలలేకపోతున్నాను" అంటే రాత్రి పార్కిన్సన్స్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా ప్రభావం తగ్గి ఒళ్లు బిగుసుకుంటోందేమో. మా నాన్నగారి సంగతి అదే. పడుకునే ముందు నెమ్మదిగా విడుదలయ్యే రకం ఒకటి డాక్టరు రాసిచ్చాక నిద్రమాత్ర ఊసే రాలేదు. మాటిమాటికీ మూత్రానికి లేస్తుంటే దారి వేరు. సెలెజిలిన్, అమాంటడిన్ లాంటి పార్కిన్సన్స్ మందులు సాయంత్రం వేసుకుంటే అవే నిద్ర చెడగొడతాయి, వేళ మార్చవచ్చేమో అడగండి. కలలో అరుస్తూ కాళ్లు విసురుతున్నారేమో అమ్మగారిని అడిగి తెలుసుకోండి, ఆయనకు గుర్తుండదు. ఇది పార్కిన్సన్స్‌లో తరచుగా కనిపించేదే, దీనికి మెలటోనిన్ (నిద్రకు సంబంధించిన హార్మోన్) గానీ క్లోనజెపామ్ (మత్తు కలిగించే మందు) గానీ ఇస్తారు.

మెలటోనిన్ ఇక్కడ విటమిన్ల పక్కనే అమ్ముతారు. సీసా మీద రాసిన మోతాదే లోపల ఉంటుందన్న నమ్మకం లేదు, అదైనా డాక్టరుకు చెప్పే మొదలుపెట్టండి. క్లోనజెపామ్ ఇక్కడ నియంత్రణలో ఉన్న మందు, కాబట్టి అసలు ప్యాకెట్లతో, చీటీతో సహా తెచ్చుకోవాలి. అది అలవాటైన మనిషికి ఒక్కసారిగా ఆపకూడదు. గురక పెడుతూ ఊపిరి ఆగే జబ్బు ఉంటే దానితో జాగ్రత్త. జోల్పిడెమ్ అనే నిద్రమాత్రకు 2019లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నిద్రలోనే లేచి నడవడం లాంటి ప్రమాదాల గురించి అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. అసలే తూలి పడే మనిషికి ఎవరో ఇచ్చిన మిగులు మాత్ర వేయకండి. మన పార్టీల్లో ఇలాంటి దానాలు బాగా జరుగుతుంటాయి.

ఇండియా చీటీ ఇక్కడి ఫార్మసీలో చెల్లదు. లెవోడోపా వెంట తెచ్చుకోండి, కానీ మామూలుగా తొంభై రోజులకు మించి తేవద్దని ఎఫ్‌డీఏ అంటుంది, మిగతా నెలలకు ఏం చేయాలో ముందే డాక్టరును అడగండి, విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోండి. మన దగ్గర లెవోడోపాను, దానికి తోడుగా ఇచ్చే కార్బిడోపాతో కలిపి సిండోపా అనే పేరుతో అమ్ముతారు. సిండోపా ప్లస్ 125 అంటే కార్బిడోపా 25 మిల్లీగ్రాములు, లెవోడోపా 100 మిల్లీగ్రాములు. ఇక్కడ దాన్ని '25-100' అంటారు. సిండోపా 110లో కార్బిడోపా పదే ఉంటుంది. 125 అని చెబితే ఇక్కడి డాక్టరుకు అర్థం కాకపోవచ్చు. బయలుదేరే ముందే న్యూరాలజిస్టు చేత రెండు మందుల మోతాదూ, వేసుకునే వేళలూ విడివిడిగా రాయించి తెమ్మనండి.