తగ్గింపు కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 27. బి.కాం. చదివి రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. మా దగ్గర ఒక చిన్న ప్రైవేటు కళాశాలలో దూరవిద్య ఎం.బి.ఎ. చేయాలని ఉంది. రెండేళ్లకు ఫీజు 90,000. నెలాఖరులోగా ఒకేసారి కడితే 75,000 చాలంటున్నారు. లక్ష రూపాయల చీటీ వేస్తున్నాను, 20 నెలల్లో ఆరు అయ్యాయి. పోయిన నెల పాట 26,000కు వెళ్లింది. ఇంటి ఖర్చులు, చీటీకి 5,000 పోను నెలకు 3,000 మిగులుతాయి. చీటీ పాడి ఫీజు కట్టేయమంటారా?

జవాబు: వద్దమ్మా. ఈ నెలా పాట 26,000కే వెళితే మీ చేతికి వచ్చేది 74,000. అంటే 75,000 కట్టడానికి ఇంకో వెయ్యి వెతుక్కోవాలి. చివరిదాకా ఆగితే, నిర్వాహకుల కమీషన్ 5 శాతం అనుకున్నా (చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటుంది), 95,000 వస్తుంది. 15,000 మిగుల్చుకోవడానికి 21,000 వదులుకుంటున్నారు. పదమూడు నెలలు ముందుగా వచ్చే డబ్బుకు కొంత విలువ ఉంటుంది, కాదనను. కానీ ఆ డబ్బును ముందుగా వాడుకునేది మీరు కాదు, కళాశాల.

మీరు పంపిన కరపత్రం ఫొటోను పెద్దది చేసి చూశాను. తగ్గింపు అంకె ఎర్ర అక్షరాల్లో సగం కాగితం ఆక్రమించింది. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం పేరు మాత్రం అడుగున, ప్రెస్సు పేరు కన్నా చిన్నగా ఉంది. నాకు నచ్చనిది అదే. ఇలాంటి కళాశాలకు సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం ఉండదు, అది విశ్వవిద్యాలయానిది. దూరవిద్య కేంద్రాలను ఫ్రాంచైజీలుగా అప్పగించడాన్ని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు ఒప్పుకోవు. యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయం పేరు ఉంటే సరిపోదు, ఎం.బి.ఎ. కోర్సూ, మీరు చేరబోయే విద్యా సంవత్సరమూ కూడా ఉండాలి. 2024 నుంచి విద్యార్థి తన పేరిట డెబ్ ఐడీ (ఆ విభాగంలో నమోదు సంఖ్య) తీసుకున్నాకే ప్రవేశం. ‘అవన్నీ మేం చూసుకుంటాం, ముందు డబ్బు కట్టండి’ అంటే కుర్చీలోంచి లేచి వచ్చేయండి. రసీదు కూడా విశ్వవిద్యాలయం పేరు మీదే ఉండాలి, కళాశాల తెల్లకాగితం మీద కాదు.

గుర్తింపు ఉందనే అనుకుందాం. అప్పుడూ సెమిస్టరుకు 22,500 చొప్పునే కట్టండి. సార్వా ధాన్యం మిల్లుకు దిగే రోజుల్లోనే డిసెంబరు పరీక్షలు పడితే మీకు సెలవు దొరుకుతుందా? దొరక్క మొదటి సెమిస్టరుతోనే మానేసిన వాళ్లను చాలామందిని చూశాను. మొత్తం ముందే కట్టినవాళ్లు ఆ తర్వాత కళాశాల చుట్టూ తిరగడమూ చూశాను. రొయ్యల మేత అప్పు పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజున తీర్చే ప్రాంతం మనది, చదువు దగ్గరకు వచ్చేసరికి ఎందుకో ముందే అంతా పోసేస్తాం.

22,500 అంటే నెలకు 3,750. మీ చేతిలో 3,000 ఉంది. చీటీకి 5,000 అని రాశారు గానీ, 26,000 పాటలో కమీషన్ పోగా మిగిలిన 21,000ను 20 మందికి పంచితే డివిడెండు 1,050 అవుతుంది, మీరు కట్టాల్సింది 3,950. ఆ తేడా కలిపితే లోటు తీరింది. పాటలు తగ్గే కొద్దీ డివిడెండూ తగ్గుతుంది కనుక ఈ నెల నుంచే పోస్టాఫీసు ఖాతాలో వేరుగా వేయండి. దూరవిద్యలో జనవరి-ఫిబ్రవరి ప్రవేశాలు కూడా ఉంటాయి. ఈ నెలాఖరు దాటితే కొంప మునగదు. ఈలోగా ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఫీజు ఎంతో కనుక్కుని పక్కన పెట్టి చూడండి.

మీరు అడగని సంగతి ఒకటి. ఎం.బి.ఎ. వస్తే జీతం పెంచుతారా అని మిల్లు యజమానిని అడిగారా? లేక భీమవరం వైపు రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో చేరాలనా? అలాగైతే అక్కడ లెక్కల విభాగంలో పనిచేసే ఎవరినైనా పట్టుకుని, ఉద్యోగానికి తీసుకునేటప్పుడు ఎం.బి.ఎ. అడిగారా, జీఎస్టీ రిటర్నులూ, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వచ్చా అని అడిగారా తెలుసుకోండి. రెండోదే అయితే ఆ కోర్సు ఫీజు ఎంతో రాయండి, మళ్లీ లెక్క వేద్దాం.