పాయా బొమికతో మొదలుపెట్టు: ఎముకల చదువు గురించి ఒక బైపీసీ అమ్మాయికి

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన వేసవిలో మా చెరువులో పూడిక తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయి. పోలీసులు వచ్చి మూటగట్టుకుని వెళ్ళారు. కొన్ని మేకవి, మిగతావి నలభై దాటిన ఒక ఆడమనిషివి అని డాక్టరుగారు రాసిచ్చారట. కండా వెంట్రుకా ఏదీ లేకుండా అంత ఎలా చెప్పగలిగారు? నాకు ఆ చదువే చదవాలని ఉంది. ఆడపిల్లకు శవాలతో పనేమిటని నాన్న అంటున్నారు. ఏ కోర్సులో చేరాలి?

జవాబు: అమ్మా, కోర్సు సంగతి తర్వాత. ముందు మీ వంటింట్లోకి వెళ్దాం. ఈసారి ఇంట్లో మేక కాళ్ళ పాయా చేసినప్పుడు గిట్టకు పైన ఉండే పొడుగాటి ఎముకను పారేయకుండా కడిగి ఆరబెట్టు. దాని ముందు వైపు నిలువునా సన్నటి గాడి కనిపిస్తుంది. పుట్టకముందే రెండు ఎముకలు అతుక్కుని ఒకటయ్యాయనడానికి అది గుర్తు. కింది కొసన కప్పీల్లాంటి రెండు గుబ్బలుంటాయి. మన అరచేతిలో అదే చోట ఐదు ఎముకలు విడివిడిగా ఉంటాయి. కాబట్టి ఆ గాడీ, ఆ గుబ్బలూ చూడగానే ఇది మనిషిది కాదని తేలిపోతుంది. మేకదా గొర్రెదా అంటే మాత్రం అనుభవం ఉన్నవాళ్ళు కూడా తటపటాయిస్తారు.

లేత మేకదైతే, బాగా ఉడికాక ఆ గుబ్బలు టోపీలా ఊడి చేతికొస్తాయి. ఊడిన చోట వేలు పెట్టి చూడు, గరుకుగా, అలలు అలలుగా ఉంటుంది. ఎముక ఇంకా పొడుగు పెరుగుతోందన్నమాట. ముదురు మేకలో ఎంత ఉడికించినా అది ఊడదు, పూర్తిగా అతుక్కుపోయి ఉంటుంది. మనుషుల్లోనూ పాతికేళ్ళ లోపు వయసు చెప్పడానికి ప్రధానంగా చూసేది ఈ అతుకులనే. ఏ ఎముక కొస ఏ వయసులో అతుక్కుంటుందో ఒక వరుస ఉంది. మోచేతి దగ్గరవి ముందు అతుక్కుంటాయి. అన్నిటికన్నా ఆఖరున అతుక్కునేది మెడకింద కంటె ఎముక లోపలి కొస, అది ఇరవైల చివరిదాకా పడుతుంది. పిల్లల్లో పళ్ళు ఇంకా బాగా చెబుతాయి. మొదటి శాశ్వత దవడపన్ను ఆరో ఏట, రెండో దవడపన్ను పన్నెండో ఏట, జ్ఞానదంతం పదిహేడు దాటాక వస్తాయి.

ఇక ఆడా మగా తేల్చేది ముఖ్యంగా తుంటి ఎముక. ఒక వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ మెడిసిన్ (కేసులకూ కోర్టులకూ పనికొచ్చే వైద్యం) ప్రొఫెసరుగారు రెండు తుంటి ఎముకలు నా చేతిలో పెట్టి, వెనక వైపున్న గంటులో బొటనవేలు పెట్టి చూడమన్నారు. ఒకదాంట్లో వేలు ఇరుకుగా పట్టింది, రెండోదాంట్లో అటూ ఇటూ ఆడింది. ఆడినది ఆడమనిషిది. బిడ్డ బయటికి రావడానికి దారి కావాలి కదా, అందుకే ఆడవాళ్ళ కటి వెడల్పు. ముందు వైపు రెండు ఎముకలు కలిసే చోట కింద ఏర్పడే కోణం కూడా అంతే. చూపుడువేలు, మధ్యవేలు చాచితే వచ్చే సందు మగవాళ్ళది. బొటనవేలు, చూపుడువేలు చాచితే వచ్చేది ఆడవాళ్ళది. కటి చేతికందితే నూటికి తొంభై ఐదు దాకా సరిగ్గా చెప్పగలరు. పుర్రెలో కనుబొమల గట్టు, చెవి వెనక ముడి మగవాళ్ళలో పెద్దవిగా ఉంటాయి గానీ, పుర్రె ఒక్కదాన్నే నమ్ముకుంటే పొరబడే అవకాశం ఎక్కువ. ఈడేరని పిల్లల ఎముకల్లో ఈ తేడాలు ఇంకా తేలవు. అక్కడ ఆడో మగో చెప్పాలంటే డీఎన్‌ఏ పరీక్షే గతి.

నలభై దాటిన మనిషి వయసు చెప్పడం మరీ కష్టం. పెరుగుదల ఆగిపోయింది కాబట్టి ఇక అరుగుదలను చూడాలి. తుంటి ఎముకలు ముందు కలిసే చోటు యవ్వనంలో దున్నిన చాళ్ళలా ఉండి, వయసు మీదపడే కొద్దీ నునుపై, ఆ తర్వాత గుంతలు పడుతుంది. దాన్నిబట్టి చెప్పినా పది పదిహేనేళ్ళు అటూ ఇటూ అవుతుంది. మీ డాక్టరుగారు ‘నలభై దాటిన’ అని ఊరుకున్నారు చూశావా, అది ఆయన నిజాయితీ. ‘నలభై మూడు’ అని రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. తెలిసినంతే రాయడం, తెలియనిచోట ఆగడం నీకు నచ్చితేనే ఈ వృత్తిలోకి రా అమ్మా. పోలీసులు ఆ రాతను పట్టుకునే తప్పిపోయినవాళ్ళ జాబితా తిరగేస్తారు. తొందరపడి వయసు తక్కువగా రాస్తే, ఎక్కడో ఎదురుచూస్తున్న ఇంటికి కబురు ఎప్పటికీ అందదు.

ఇప్పుడు కోర్సు. మన దేశంలో కోర్టుకు ఎముకల మీద అభిప్రాయం ఇచ్చేది ఎక్కువగా ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టర్లు. అంటే నీట్, ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ళ ఎండీ. దూరమే, కానీ ఉద్యోగానికి భరోసా ఉన్న దారి ఇదే. ప్రతి వైద్య కళాశాలలో ఆ విభాగం ఉండి తీరాలి. నీ మార్కులు అందుకోగలిగితే నా ఓటు దీనికే.

రెండో దారి డిగ్రీ తర్వాత ఆంత్రోపాలజీ, అంటే మానవ శాస్త్రం, ఎమ్మెస్సీ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆ విభాగాలకు పేరున్నవి. చేరేముందు భౌతిక ఆంత్రోపాలజీ, అంటే మనిషి ఒంటి నిర్మాణం, ఎముకల చదువు, ఎంత నేర్పుతారో, చేత్తో పట్టుకోవడానికి నిజమైన ఎముకలు ఉన్నాయో లేదో అడుగు. ఫోరెన్సిక్ సైన్సే కావాలంటే గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది. పేరులో ఫోరెన్సిక్ ఉందని ఊరూపేరూ లేని కాలేజీకి లక్షలు కట్టొద్దు. అక్కడ రక్తం, వేలిముద్రలు, విషాలు తలా కాస్త చెప్పి పంపిస్తారు, ఎముక ముట్టుకోనివ్వరు. ఒక్క ఎముకల మీదే ఉద్యోగాలు మన దగ్గర వేళ్ళమీద లెక్కపెట్టాలి, ఇది నీకు ముందే తెలియాలి. అయితే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం, ఏడేళ్ళు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్ళాలి. అందుకు రాష్ట్రాలకు ఐదేళ్ళ దాకా గడువిచ్చారు. నీ చదువు పూర్తయ్యేసరికి పరిస్థితి మారుతుందని నా ఆశ.

మేక ఎముకలే నిన్ను ఎక్కువ లాగితే పశువైద్యం కూడా ఆలోచించు. హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాలలో, వేటగాళ్ళ దగ్గర దొరికిన ఎముకా మాంసం ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేలుస్తారు. అది హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళదే. మనిషి ఎముకల విషయంలోనూ వాళ్ళ డీఎన్‌ఏ పని అక్కరకొచ్చింది. పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఒక పాత బావి తవ్వితే కుప్పలుగా ఎముకలు బయటపడ్డాయి. దేశ విభజన నాటివని కొందరు, 1857లో చంపేసిన సిపాయిలవని కొందరు అన్నారు. పంజాబ్ విశ్వవిద్యాలయ ఆంత్రోపాలజిస్టులు ఎముకలూ పళ్ళూ చూశారు. సీసీఎంబీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ కలిసి పళ్ళలోని డీఎన్‌ఏ చదివాయి. వాళ్ళు గంగా మైదానం నుంచి వచ్చినవాళ్ళని 2022లో తేలింది, అది సిపాయిల కథతో సరిపోయింది. నూట యాభై ఏళ్ళకు పైగా బావిలో ఉన్నవాళ్ళకు ఊరు దొరికింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

మీ నాన్నగారికి ఈ మాట చెప్పు. శవపరీక్షలు తప్పవు, అది దాచను. కానీ ఈ డాక్టర్లు బతికున్నవాళ్ళ కోసమూ పనిచేస్తారు. ఒక పిల్ల వయసు పద్దెనిమిది లోపా పైనా అని కోర్టుకు అనుమానం వచ్చి, బడి సర్టిఫికెట్టూ పుట్టిన తేదీ పత్రమూ లేకపోతే, ఎముకల వయసు పరీక్షే ఆధారం. మీ చెరువు ఎముకల్లో చూసే అతుకులనే ఇక్కడ ఎక్స్‌రేలో చూస్తారు. లైంగిక దాడికి గురైన ఆడపిల్లను పరీక్షించేది మహిళా డాక్టరే కావాలని, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం చెబుతోంది. ఆడపిల్లకు ఈ పనేమిటని కాదు, ఆడపిల్లలు లేకపోతే ఈ పని ఆగిపోతుందని ఆయనకు చెప్పు. కావాలంటే ఆయన్ను నాతో మాట్లాడమను.

నీట్ ఫలితాలు వచ్చాక ర్యాంకుతో సహా మళ్ళీ రాయి. ఈలోగా ఆ పాయా ఎముకను నాలుగు వైపులా గీసి, గుబ్బ ఊడిందో లేదో పక్కన రాసి పంపు.