మీ వాడు బడికి ఎన్నోవాడు?

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. 1823 నాటి బళ్లారి వీధిబడి అనగానే సంబరపడ్డాను. మూడో పేజీకొచ్చేసరికి బడి మాయమై ఉపన్యాసం మిగిలింది. దొరలు మన చదువు చెడగొట్టారని పంతులు, దొరలే వెలుగు తెచ్చారని గుమాస్తా. ఇద్దరూ నువ్వు చెప్పమన్నదే చెబుతున్నారు. పిల్లాడేడీ?

మద్రాసు గవర్నరు మన్రో 1822లో బడుల లెక్కలు అడిగితే బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబు నీ దగ్గరుంది కదా. అందులోంచి 533 బడులు, 6,641 మంది పిల్లలు అని అంకెలు ఎత్తుకున్నావు. అసలు సరుకు వదిలేశావు. పొద్దున ఆరింటికి అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకి ఒక్కొక్కటీ పెరుగుతూ పోతుంది. మరి మీ వాడు, అదే నీ కథలో పిల్లాడు, ఎన్నోవాడు? ఎందుకు ఆలస్యమైంది? దూడను కట్టేసి వచ్చాడా?

ఇంకోటి. నీ కథలో ఊరంతా ఇంగ్లీషు కోసం ఎగబడుతోంది. ఆ 533లో ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి! కన్నడ బడులు 235, తెలుగువి 226. మీ వాడు ఇంట్లో ఏ భాషలో ఏడుస్తాడో ముందు తేల్చుకో. ఆడపిల్లలు 60 మందే. ఆ సంగతి పంతులు చేత ఒక్కసారీ అనిపించలేదేం?

క్యాంప్‌బెల్‌ని విలన్ చేయకు, దేవుణ్ణీ చేయకు. ఇసుకలో వేలితో దిద్దించడం, పెద్దపిల్లలు చిన్నవాళ్లకి చెప్పడం మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబే అన్నాడు. (ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసులో చూసి పట్టుకెళ్లిన పద్ధతే అది. మన ఇసుక అంతదూరం వెళ్లిందంటే నాకు కాస్త గర్వమే.) అదే చేత్తో, పద్యాలు అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తారని దెప్పాడు. బడులు తగ్గిపోవడానికి దేశం పేదదవుతూ ఉండటమే కారణమనీ రాశాడు. కంపెనీ జీతగాడు కంపెనీకే రాసిన మాట! నీ పంతులి రెండు పేజీల ఆవేశం దాని ముందు తేలిపోతుంది. చాలామంది ఆ రిపోర్టులో తమకి నచ్చిన సగం చించుకుపోతారు. నువ్వు మొత్తం దగ్గర పెట్టుకుని రాయి.

దసరాకి వస్తావుగా, కొత్త ప్రతి తీసుకురా. పాతది పారేయకు, ఆ గుమాస్తా ఇంకో కథకి పనికొస్తాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు