ఈబస్ సూది బయటికి వచ్చాక

అమ్మాయీ,

ఇకనుంచి ఈబస్, అదే శ్వాసనాళంలోకి అల్ట్రాసౌండ్ గొట్టం దింపి ఛాతీ మధ్యలోని లింఫ్ గ్రంథుల్లోంచి సూదితో శాంపిల్ తీసే పరీక్ష, సొంతంగా చెయ్యబోతున్నావని తెలిసింది, సంతోషం. గ్రంథిలోకి సూది పంపడం చేస్తూ చేస్తూ ఉంటే అదే పట్టుబడుతుంది. నాకు దిగులల్లా ఆ సూది బయటికి వచ్చాక జరిగేదాని గురించే. ఛాతీ మధ్యలోని టీబీ చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయేది ఎక్కువగా అక్కడే.

అసలు ఈబస్ అవసరమా అన్నది ముందు తేల్చుకో. కళ్లె పడుతుంటే ముందు దాన్ని పరీక్షకు పంపు. రోగి మెడ, చంకలు తడిమి చూడు. మెడలో గ్రంథి వేళ్లకు తగిలితే సూది పరీక్ష అక్కడే చేసెయ్యొచ్చు, మత్తు కూడా అక్కర్లేదు. స్కాన్లు వచ్చాక మన వేళ్లకు పని తగ్గిపోయిందిలే, అది వేరే కథ.

సీటీ రిపోర్టు చదివి ఊరుకోకు, ఫిల్ము నువ్వే చూడు. కాంట్రాస్ట్ ఎక్కించాక గ్రంథి అంచు తెల్లగా మెరుస్తూ నడుమ నల్లగా కనిపిస్తే టీబీ వైపు మొగ్గు. రెండు హైలాల్లోనూ, అంటే రెండు ఊపిరితిత్తుల ద్వారాల దగ్గరా, సమానంగా పెరిగి ఉంటే సార్కాయిడోసిస్ (టీబీలాగే గ్రంథులు ఉబ్బే, టీబీ కాని జబ్బు) గుర్తుకు రావాలి. ఏదీ ఖాయం కాదు, లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్ ఈ రెండింటిలో ఏ వేషమైనా కట్టగలదు.

టీబీలో తరచుగా పెరిగేవి శ్వాసనాళానికి కుడిపక్కనున్న 4ఆర్, నాళం చీలేచోట కిందనున్న 7 నంబరు గ్రంథులు. రెండూ సూదికి హాయిగా అందుతాయి. 5వ నంబరు గ్రంథి జోలికి వెళ్లకు, మధ్యలో పుపుస ధమని అడ్డం ఉంటుంది. ఏ గ్రంథినైనా డాప్లర్ వేసి రక్తనాళాలు ఎక్కడున్నాయో చూశాకే పొడువు. సూది 21 గేజా, 22 గేజా అన్న వాదనలో దిగకు, ఏదైనా పనికొస్తుంది. పక్కనే కూర్చుని స్లైడు చూసి చెప్పే పాథాలజిస్టు లేకపోతే మాత్రం ఒక్కో గ్రంథిలో కనీసం మూడు పాస్‌లు తియ్యి, అంటే సూది మూడుసార్లు గుచ్చి తియ్యి.

తెరమీద గ్రంథి నడుమ రక్తప్రసరణ లేని నల్లటి చోటు కనిపించిందనుకో, అది కుళ్లిన భాగం కావచ్చు. అక్కడ పొడిస్తే పాథాలజీ వాళ్లు ‘అంతా నెక్రోసిస్, కణాలు లేవు’ అని రాస్తారు. ఆ మాటకు భయపడి అంచుల్లోనే తిరిగితే టీబీ క్రిములు దొరికే చోటు వదిలేసినట్టే. గ్రాన్యులోమా (రక్షణ కణాలు గుమిగూడిన ముద్ద) కోసం అంచు, క్రిమి కోసం నడిమి భాగం, సూది రెండు చోట్లా తిరగాలి. చీములాంటిది వచ్చిందా, శాంపిల్ పాడైందని పారబొయ్యకు. జీన్‌ఎక్స్‌పర్ట్‌కీ (టీబీ క్రిమి డీఎన్ఏని పట్టే పరీక్ష), కల్చర్‌కీ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) అంతకంటే మంచిది దొరకదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది పంపకం గురించి. ఏ పాస్ ఏ డబ్బాలోకి వెళ్లాలో రోగికి మత్తు ఇవ్వకముందే తేలిపోవాలి, డబ్బాల మీద పేర్లు కూడా అప్పుడే పడాలి. స్లైడ్లకు కాస్త, సెల్ బ్లాక్ (కణాలను దిమ్మగా చేసి పలచగా కోసి చూడడం) కోసం ఫార్మలిన్‌లో కాస్త, జీన్‌ఎక్స్‌పర్ట్‌కీ కల్చర్‌కీ స్టెరైల్ సెలైన్‌లో ఒక పూర్తి పాస్. లింఫోమా అనుమానం ఉంటే కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీకి ఇంకొకటి. ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోతాయి, అందులో పడ్డది ఇక కల్చర్‌కి పనికిరాదు. ఎంతో నేర్పుగా తీసిన శాంపిల్ మొత్తాన్ని అలవాటు కొద్దీ ఎవరో ఫార్మలిన్‌లో వేసేస్తారు. నీ పక్కనున్న నర్సుకు ఇది నువ్వే, ప్రతిసారీ, నోటితో చెప్పు.

జీన్‌ఎక్స్‌పర్ట్ మెషీన్ రెండు గంటల్లో ఫలితం ఇస్తుంది, రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. ఊపిరితిత్తుల బయటి టీబీకి కూడా దీన్ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. కానీ గ్రంథుల్లో క్రిములు తక్కువ. నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని రాసెయ్యకు. లిక్విడ్ కల్చర్‌ని ఆరు వారాలదాకా చూడాలి. పాజిటివ్ వచ్చినా, రోగి ఇదివరకు టీబీ మందులు వాడాడేమో అడుగు, చచ్చిన క్రిముల డీఎన్ఏని కూడా ఆ యంత్రం పట్టేస్తుంది.

నెక్రోసిస్ లేని గ్రాన్యులోమా, నెగటివ్ జీన్‌ఎక్స్‌పర్ట్ కలిసి వస్తే చెయ్యి వెంటనే స్టెరాయిడ్ వైపు పోతుంది. ఆగు. రోగికి కన్నో గుండో ప్రమాదంలో లేనప్పుడు, కల్చర్ వచ్చేదాకా సార్కాయిడోసిస్‌కి తొందరేమీ లేదు. అది టీబీ అయ్యుండి స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే జబ్బును మనమే పెంచినవాళ్లమవుతాం.

రోగికి కూడా ముందే చెప్పు: గొంతు నొప్పి, కళ్లెలో కాస్త నెత్తురు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. తర్వాత జ్వరం, ఛాతీనొప్పి వస్తే మాత్రం వెంటనే రావాలి. కుళ్లిన గ్రంథిని పొడిచాక మీడియాస్టినమ్‌లో, అంటే ఛాతీ నడిమి భాగంలో, ఇన్ఫెక్షన్ రావడం అరుదే, వస్తే ప్రాణం మీదికి తెస్తుంది.

మందులు మొదలుపెట్టాక కూడా గ్రంథి కొన్నాళ్లు పెరగొచ్చు. చికిత్స పనిచెయ్యలేదని హడావిడిగా మందులు మార్చకు. ముందు కల్చర్ రిపోర్టు తెప్పించుకో, మందులకు లొంగే క్రిమేనా చూడు, మాత్రలు సరిగా వేసుకుంటున్నాడా అడుగు.

మీ సారు